పద్మినిని రేసు కారు చేసే ముందు జాగ్రత్తలు

బరంపురం, గోపాలపూర్ వైపు దొరికే పాత ప్రీమియర్ పద్మిని కారుకు ఇంజిన్ కంటే ముందు అడుగు భాగం చూడాలి. సముద్రపు ఉప్పుగాలికి తుప్పు రేకును లోపల్నుంచి తినేస్తుంది, పైన పెయింటు మాత్రం నిగనిగలాడుతుంది. ఫ్లోరు, డోర్ల కింది పట్టీలు, వెనక కమాన్‌పట్టీలు బిగించే చోట్లు స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. దిగబడితే కుళ్లినంత మేర కోసి కొత్త రేకు వేశాకే మిగతా పని.

కోత మొదలుపెట్టకముందే మీరు పోటీకి దిగే క్లాసుకు ఎఫ్‌ఎంఎస్‌సీఐ (దేశంలో మోటారు రేసులను నడిపించే సంఘం) తాజా నిబంధనలు చదవండి.

వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీసేయండి. పెట్రోల్ ట్యాంకు కూడా దించి షెడ్డు బయట పెట్టండి. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం, లోపల ఆవిరి నిప్పురవ్వకే పేలుతుంది. అడుగున పూసిన తారు గీకేయండి, దానికి నిప్పంటుకుంటుంది. ఇసుక బకెట్, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా ఉండాలి.

రోల్ కేజ్‌కు, అంటే బోల్తా పడితే డ్రైవర్‌ను కాపాడే లోపలి పైపుల చట్రానికి, నీళ్ల జీఐ (జింకు పూత) పైపు వద్దే వద్దు. వెల్డింగ్‌లో వచ్చే జింకు పొగ ఊపిరితిత్తులకు చేటు, అతుకున్న పైపు దెబ్బకు చీలుతుంది. ఎఫ్‌ఐఏ (అంతర్జాతీయ మోటారు క్రీడల సంఘం) లెక్కలో మెయిన్ హూప్‌కు, అంటే సీటు వెనక నిలిచే ప్రధాన పైపు కమానుకు, అతుకులేని కోల్డ్ డ్రాన్ ఉక్కు పైపు, 45 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. మందం. కేజ్ పైపుల పాదాల కింద 3 మి.మీ. ప్లేటు లేకపోతే బోల్తా పడ్డప్పుడు పైపు ఫ్లోరును చీల్చుకుని దిగిపోతుంది.

పద్మినికి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే, వేడెక్కితే పట్టు వదిలేస్తాయి. బ్రేకుల సంగతి తేల్చకుండా ఇంజిన్ పవర్ పెంచొద్దు.

ఇలా మార్చిన బండి రోడ్డెక్కకూడదు; మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు లారీలోనో ట్రైలర్ మీదో తీసుకెళ్లాల్సిందే, ఆ ఖర్చూ ముందే లెక్కేసుకోండి.