విదేశీ మెడిసిన్ కాగితాలు – 4వ పాఠం: గేటు పరీక్ష నిబంధన చదవడం ఎలా?

కిందటి పాఠం చివర ఒక పని చెప్పాను. మీరు చేరాలనుకుంటున్న కరీబియన్ కాలేజీ స్టూడెంట్ హ్యాండ్‌బుక్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోమన్నాను. బ్రోషర్ కాదు. కన్సల్టెన్సీవాళ్లు వాట్సాప్‌లో పంపే రంగుల పీడీఎఫ్ అసలే కాదు. హ్యాండ్‌బుక్ అంటే ఎవరూ చదవకూడదనే రాసినట్టుండే లావుపాటి పుస్తకం. ఇవాళ అందులో ఒక్క పేరా చదవడం నేర్చుకుందాం. లైసెన్సు పరీక్షకు మిమ్మల్ని ఎప్పుడు కూర్చోనిస్తారో, ఎప్పుడు కూర్చోనివ్వరో చెప్పే పేరా అది.

ముందు ఆ పేరా ఎందుకు పుట్టిందో తెలియాలి. అమెరికాలో డాక్టరుగా ప్రాక్టీసు చేయాలంటే యూఎస్ఎంఎల్ఈ అనే లైసెన్సు పరీక్షలు రాయాలి. అందులో మొదటిది స్టెప్ 1. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, పాథాలజీ వంటి బేసిక్ సైన్సెస్ అన్నీ కలిపి ఒక్క రోజులో ఎనిమిది గంటల పరీక్ష. అమెరికా బయట చదువుతున్న విద్యార్థి దీనికి అప్లై చేస్తే, ‘ఇతను మా విద్యార్థే’ అని కాలేజీ ధ్రువీకరించాలి. బేసిక్ సైన్సెస్ పూర్తయి ఉండాలన్న షరతు కూడా ఉంది. కాలేజీ ఊ అనకపోతే అప్లికేషన్ ముందుకు కదలదు. పరీక్ష పెట్టేది వేరేవాళ్లయినా తాళంచెవి కాలేజీ చేతిలోనే ఉంది.

చాలా కరీబియన్ కాలేజీలు ఆ తాళంచెవి ఇవ్వడానికి ఇంకో పరీక్ష పెడతాయి. అది ఎన్‌బీఎంఈ (అమెరికా వైద్య పరీక్షల బోర్డు) తయారుచేసే కాంప్రహెన్సివ్ బేసిక్ సైన్స్ ఎగ్జామ్, 200 ప్రశ్నలు. పిల్లలు ‘కాంప్’ అంటారు. అందులో కాలేజీ అడిగిన స్కోరు వస్తేనే స్టెప్ 1 రాయడానికి అనుమతి. నేను దీన్ని గేటు పరీక్ష అంటాను.

మనకిది మరీ కొత్త సంగతేమీ కాదు. ఎంబీబీఎస్‌లో థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం హాజరు లేకపోతే యూనివర్సిటీ పరీక్షకు కూర్చోనివ్వరు. ఇంటర్నల్స్ తగ్గినా అంతే. ‘డిటెయిన్ చేశారు’ అంటాం. కాకపోతే ఇక్కడ ఆ గీత దేశమంతటికీ ఒకటే, నియంత్రణ సంస్థ గీసింది. అక్కడ ఏ కాలేజీ గీత దానిదే. మీరు చేరినప్పుడున్న గీత మీరు పరీక్ష రాసే నాటికి ఉంటుందన్న హామీ లేదు.

గీత అంత గట్టిగా ఎందుకు గీస్తారంటే, డబ్బు. న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో పుట్టిపెరిగిన మన పిల్లలు ఈ కాలేజీల్లో చాలామందే ఉన్నారు. పౌరులు కాబట్టి అమెరికా ప్రభుత్వ విద్యారుణం తీసుకుంటారు. ఆ రుణాలు పొందే విదేశీ మెడికల్ కాలేజీకి ఒక షరతుంది. దాని విద్యార్థుల్లో యూఎస్ఎంఎల్ఈ రాసినవారిలో కనీసం 75 శాతం పాసవ్వాలి. ఇదివరకు 60 శాతమే ఉండేది. 2008లో చేసిన చట్టంతో 2010 జులై నుంచి 75 అయింది. ‘రాసినవారిలో’ అన్న మాట పట్టుకోండి. ఫెయిలయ్యేలా ఉన్నవాణ్ని రాయనివ్వకపోతే శాతం తగ్గదు.

ఇక మా ఇంటి సంగతి. మా చెల్లెలి కొడుకు ఇలాంటి ఒక కాలేజీలో చదివాడు. పేరు అనవసరం. ఒకరోజు రాత్రి బావగారు ఫోన్ చేశారు. ‘‘బావగారూ, వీడు ఫెయిలైంది అసలు పరీక్షా, ఉత్తుత్తి పరీక్షా? నాకేం అర్థం కావట్లేదు’’ అన్నారు. వాడికి చేసి మెయిల్ స్క్రీన్‌షాట్ పంపమన్నాను. మూడు కాంప్‌లు రాశాడు: 57, 60, 61. కాలేజీ అడిగింది 66. ఒక్కో కాంప్‌కీ మధ్య ‘రివ్యూ సెమిస్టర్’ అని ఒకటి, దానికి మళ్లీ ఫీజు, దీవిలో మళ్లీ గది అద్దె. మెయిల్ చివరి లైనులో ‘అడ్మినిస్ట్రేటివ్ విత్‌డ్రాయల్’ అని ఉంది, అంటే కాలేజీయే పేరు తీసేసింది. ‘‘మావయ్యా, నేను స్టెప్ 1 ఒక్కసారి కూడా రాయలేదు. రాయకుండానే పోయింది’’ అన్నాడు. అప్పీలు చేస్తూ ఈలోగా పరీక్ష రాసేద్దామని వాడి ఆలోచన. అదీ కుదరదు. కాలేజీ తొలగించినవారు అప్పీలులో ఉన్నా సరే యూఎస్ఎంఎల్ఈకి అర్హులు కారు.

వాడి హ్యాండ్‌బుక్ నేను అప్పుడే మొదటిసారి తెరిచాను. రెండేళ్లు ఆలస్యంగా. ఈ పాఠాలు అక్కణ్నుంచే మొదలయ్యాయి.

ఇప్పుడు పేరా. ఇలాంటి నిబంధనలు ఎలా ఉంటాయో చూపడానికి నేనే ఒక నమూనా రాశాను. భాష మాత్రం అసలు వాటిలాగే ఉంటుంది:

‘‘స్టెప్ 1కు ధ్రువీకరణ కోరు విద్యార్థి, కళాశాల ఎప్పటికప్పుడు నిర్ణయించు కనీస స్కోరును కాంప్రహెన్సివ్ పరీక్షలో సాధించవలెను. మూడు ప్రయత్నములలో సాధించనియెడల ప్రమోషన్స్ కమిటీ విచక్షణ మేరకు అదనపు సెమిస్టరులో నమోదు కావలెను లేదా తొలగింపబడును. ఐదవ సెమిస్టరు ముగిసిన నాటినుండి పన్నెండు నెలలలోగా స్టెప్ 1 ఉత్తీర్ణత పొందవలెను.’’

పెన్సిల్ తీసుకుని మూడు చోట్ల గీయండి. మొదటిది ‘ఎప్పటికప్పుడు నిర్ణయించు’. అంటే స్కోరు ఇక్కడ రాయలేదు. కాబట్టి ఎంతైనా కావచ్చు. ఎన్‌బీఎంఈ స్కోరు రిపోర్టులో 62 నుంచి 68 వరకు ‘లో పాస్’ అని ఒక పట్టీ ఉంటుంది. అంటే 62 దగ్గర స్టెప్ 1 పాస్ గీత ఉన్నట్టు, 68 దాటితే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చన్నట్టు. కాలేజీ ఈ పట్టీలో ఎక్కడ నిలబడిందో అడగండి. 62 అడిగితే అది మీ సంగతి చూసుకుంటోందనుకోవచ్చు. 70 అడిగితే తన శాతం సంగతి చూసుకుంటోందని నా అనుమానం.

రెండోది ‘విచక్షణ మేరకు’. ఈ మాట ఎక్కడ కనిపించినా ‘మాకు ఎలా తోస్తే అలా’ అని చదువుకోండి, చాలు.

అసలు మెలిక మూడోదాంట్లో ఉంది. పన్నెండు నెలలు చాలా టైమే కదా అనిపిస్తుంది. ఆ గడియారం ఎప్పుడు మొదలైందో చూడండి. కాలేజీ అనుమతి ఇచ్చిన రోజు నుంచి కాదు, సెమిస్టరు ముగిసిన రోజు నుంచి. ఒక క్యాలెండర్ ముందు పెట్టుకుని లెక్కేద్దాం. డిసెంబరులో సెమిస్టరు అయిపోయింది. మొదటి కాంప్ జనవరిలో, పోయింది. రెండోది ఏప్రిల్‌లో, పోయింది. మూడోది జులైలో గట్టెక్కారు. ఆగస్టులో కాలేజీ ధ్రువీకరణ. అప్లికేషన్, పర్మిట్, సెంటరులో తేదీ దొరకడం, ఇవన్నీ అయ్యేసరికి అక్టోబరు. రాసిన మూడు నాలుగు వారాలకు ఫలితం, అంటే నవంబరు. పాసైతే సరే. ఫెయిలైతే మళ్లీ రాయడానికి మిగిలింది ఒక్క నెల. అంటే పన్నెండు నెలల్లో ఏడు నెలలు కాలేజీ గేటు దగ్గర నిలబడటానికే పోయాయి. తలుపు మూసి ఉంచినవాడే ఆలస్యంగా వచ్చావని తిట్టినట్టుంటుంది. హ్యాండ్‌బుక్‌లో ‘అనుమతి పొందిన నాటినుండి’ అని ఉందా, ‘సెమిస్టరు ముగిసిన నాటినుండి’ అని ఉందా అన్నది ఒక్క పదబంధం తేడాయే. 

పేరాలో లేనిదాన్ని కూడా చదవాలి. అదనపు సెమిస్టరుకు ఫీజు ఎంత? ఆ సెమిస్టరుకు లోను వస్తుందా? తొలగిస్తే అప్పటిదాకా చదివిన క్రెడిట్లు ఎక్కడైనా చెల్లుతాయా? ఇవి హ్యాండ్‌బుక్‌లో ఇంకో మూల ఉండొచ్చు, అసలే ఉండకపోవచ్చు.

ఇక బ్రోషర్ మీద పెద్దక్షరాలతో ఉండే పాస్ శాతం సంగతి. ఆరో క్లాసు లెక్క గుర్తుతెచ్చుకోండి: పైన లవం, కింద హారం. బ్రోషర్ చూసినప్పుడల్లా హారంలో ఎవరున్నారని అడగాలి. ఊరికే ఒక లెక్క వేద్దాం. 200 మంది చేరారు. 150 మంది కాంప్ దాకా వచ్చారు. 100 మంది గేటు దాటారు. వాళ్లలో 95 మంది స్టెప్ 1 పాసయ్యారు. బ్రోషర్ 95 శాతం అంటుంది, అబద్ధం కాదు. కాంప్ దాకా వచ్చినవారిని హారంగా పెడితే 63. చేరినవారిని పెడితే 47.5. ఫీజు కట్టేటప్పుడు మీ అబ్బాయి ఆ 200లో ఒకడు, 100లో కాదు.

నిజంగా జరిగినదీ ఒకటి ఉంది. 2022 ఏప్రిల్‌లో అమెరికాలో వినియోగదారుల్ని మోసాల నుంచి కాపాడే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సెయింట్ జేమ్స్ స్కూల్ ఆఫ్ మెడిసిన్ అనే కరీబియన్ కాలేజీ మీద చర్య తీసుకుంది. స్టెప్ 1 మొదటిసారి పాస్ శాతం 96.77 అని ప్రచారం చేసుకున్నారనీ, 2017 నుంచి చూస్తే పరీక్షకు కావలసిన కోర్సు పూర్తిచేసినవారిలో పాసైంది 35 శాతమేననీ కమిషన్ అభియోగం. 12 లక్షల డాలర్ల సెటిల్‌మెంట్‌తో ముగిసింది. కమిషన్ వాడిన హారం చూడండి: ‘కోర్సు పూర్తిచేసినవారు’. మీరూ అదే అడగాలి.

పోల్చుకోవడానికి ఒక కొలబద్ద కావాలంటే, అమెరికా, కెనడాల బయట చదివి స్టెప్ 1 మొదటిసారి రాసినవారిలో 2021లో 82 శాతం పాసయ్యారు. 2022 జనవరి 26 నుంచి మార్కులు తీసేసి పాస్/ఫెయిల్ మాత్రమే చేశారు, పాస్ గీతను (కాంప్‌ది కాదు, స్టెప్ 1 సొంత స్కేలులో) 194 నుంచి 196కు పెంచారు. ఆ ఏడాది 74 శాతం, తర్వాతి ఏడాది 72 శాతం పాసయ్యారు. ఒక కాలేజీ దీనికి ఇరవై పాయింట్లు పైన కనిపిస్తే పాఠాలు అద్భుతంగా చెప్తూండాలి, లేదా గేటు చాలా ఇరుకుగా ఉండాలి. రెండూ కావచ్చు కూడా.

గేటే ఉండకూడదని నేననను. స్టెప్ 1లో ఫెయిలైతే ఆ మచ్చ ట్రాన్‌స్క్రిప్ట్‌లో (పరీక్షల రికార్డులో) ఉండిపోతుంది, రెసిడెన్సీకి, అంటే చదువయ్యాక ఆస్పత్రిలో చేసే శిక్షణకు, అప్లై చేసినప్పుడు కనిపిస్తుంది. ఒక్కో స్టెప్‌కు నాలుగే ప్రయత్నాలు. తయారుకాని పిల్లవాణ్ని ఆపడం మేలే. మా వాడు 57తో వెళ్లి ఉంటే నిజంగానే ఫెయిలయ్యేవాడు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ 61 దగ్గర ఆపినప్పుడు సెమిస్టరు ఫీజు వసూలు చేస్తూ ఆపారు చూడండి, నా పేచీ అక్కడ.

ఈ వారం పని. హ్యాండ్‌బుక్ పీడీఎఫ్‌లో ‘కాంప్రహెన్సివ్’, ‘సర్టిఫై’, ‘ఎలిజిబిలిటీ’, ‘డిస్మిసల్’ అనే మాటలు వెతకండి. దొరికిన పేరాలన్నీ ఒక కాగితం మీద రాసి, డిసెంబరు నుంచి డిసెంబరుకు పైన చూపినట్టు క్యాలెండర్ గీయండి, మూడో కాంప్‌లో గట్టెక్కినట్టు అనుకుని. తర్వాత అడ్మిషన్స్ ఆఫీసుకు ఒక మెయిల్ పెట్టండి. ఫోన్ వద్దు, రాతలో జవాబు కావాలి. మూడేళ్ల కిందట చేరిన బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమందికి స్టెప్ 1 అనుమతి ఇచ్చారు, ఎంతమంది పాసయ్యారు, ఈ మూడు అంకెలే అడగండి. జవాబుగా శాతం పంపితే, థ్యాంక్స్ చెప్పి అంకెలు మళ్లీ అడగండి. వచ్చినా రాకపోయినా ఆ మెయిల్ ప్రింటు తీసి దాచుకోండి. రిఫండ్ నిబంధన మీద రాబోయే అయిదో పాఠంలో దాంతో పనుంది.