సైలెన్సర్ మారిస్తే టార్క్ ఏమవుతుంది? 3వ పాఠం: పైపులో పరిగెత్తే అల

ముందు పోయిన పాఠం హోంవర్క్ జవాబు చూద్దాం. 2021లో కొత్త ఇంజన్‌తో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి కంపెనీ చెప్పే లెక్క ఇది: 4000 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర 27 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజన్ తిప్పే బలం), 6100 దగ్గర 20.2 బీహెచ్‌పీ పవర్. మరి 6100 దగ్గర టార్క్ ఎంత అన్నది ప్రశ్న. 20.2 బీహెచ్‌పీ అంటే 15.06 కిలోవాట్లు. దాన్ని 9549తో (కిలోవాట్లను, ఆర్‌పీఎంను టార్క్‌గా మార్చే సంఖ్య) గుణించి 6100తో భాగిస్తే 23.6 వస్తుంది. పవర్ పైకి చేరేసరికి టార్క్ దాదాపు మూడున్నర న్యూటన్ మీటర్లు దిగిపోయిందన్నమాట.

ఊళ్లో, హైవే మీద మామూలుగా వెళ్లేటప్పుడు ఈ బండిని 6100 దాకా లాగేవాళ్లు తక్కువ. అందుకే సైలెన్సర్ మార్చేముందు పవర్ ఎంత పెరుగుతుందని అడక్కండి. 2000 నుంచి 4000 మధ్య టార్క్ ఏమవుతుందని అడగండి. డబ్బు పెట్టేముందు అమ్మేవాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

ఇక అసలు పాఠం. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే సిలిండర్‌లోని ఒత్తిడి ఒక్కసారిగా బెండ్ పైపులోకి, అంటే ఇంజన్ నుంచి సైలెన్సర్‌కు వెళ్లే గొట్టంలోకి, దూకుతుంది. ఆ ఒత్తిడి అల పొగ కంటే చాలా వేగంగా, వేడి గాలిలో శబ్దం వెళ్లే వేగంతో పోతుంది. లెక్క కోసం సెకనుకు 500 మీటర్లు అనుకుందాం. పైపు ఒక్కసారిగా వెడల్పయ్యే చోటికి, అంటే సైలెన్సర్ డబ్బా మొదలయ్యే చోటికో తెరిచి ఉన్న చివరికో చేరగానే, ఆ అలలో కొంత తిరగబడి వెనక్కి వస్తుంది. వెళ్లేటప్పుడు తోసే అల, వచ్చేటప్పుడు పీల్చే అలగా వస్తుంది.

ఈ పీల్చే అల సరైన సమయానికి వాల్వ్ దగ్గరికి రావాలి. పిస్టన్ పైకి చేరే వేళ కొద్దిసేపు ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ తెరిచి ఉంటాయి. దీన్నే ఓవర్‌ల్యాప్ అంటాం. అప్పుడు పీల్చే అల వస్తే మిగిలిన కాలిన గ్యాస్‌ను బయటికి లాగి, కొత్త పెట్రోల్ గాలిని లోపలికి రమ్మంటుంది. టార్క్ పెరుగుతుంది. అదే సమయానికి తోసే అల వస్తే కాలిన గ్యాస్ సిలిండర్‌లోకే తిరిగొస్తుంది. టార్క్ గ్రాఫ్‌లో గుంట పడేది అక్కడే.

చేత్తో లెక్క వేయండి. వాల్వ్ నుంచి డబ్బా దాకా పైపు 75 సెంటీమీటర్లు అనుకోండి. పోయి రావడానికి ఒకటిన్నర మీటర్లు, అంటే 3 మిల్లీసెకన్లు. ఆర్‌పీఎంను 6తో గుణించి 1000తో భాగిస్తే ఒక మిల్లీసెకనులో క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో వస్తుంది. 4000 దగ్గర 24, కాబట్టి అల తిరిగొచ్చేలోగా క్రాంక్ 72 డిగ్రీలు తిరుగుతుంది. 2500 దగ్గర 45, 6000 దగ్గర 108. పైపు పొడవు మారదు, అలకు పట్టే సమయమూ పెద్దగా మారదు, క్రాంక్ మాత్రం ఒక్కో ఆర్‌పీఎం దగ్గర ఒక్కోచోట ఉంటుంది. నిజానికి అల ఒక్కసారి వచ్చి ఆగదు, బలం తగ్గుతూ అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంటుంది. అయినా మనకు కావలసిన విషయం ఈ లెక్కలోనే ఉంది: ఏ పైపూ అన్ని ఆర్‌పీఎంల దగ్గరా మేలు చేయలేదు.

"ఇంజన్‌కు బ్యాక్ ప్రెషర్ (పొగకు ఎదురయ్యే అడ్డు) కావాలి, అది పోతే టార్క్ పోతుంది" అనే మాట మెకానిక్ షెడ్లలో వినే ఉంటారు. టార్క్ పోవడం నిజమే, కారణం మాత్రం అది కాదు. పొగకు అడ్డం పడటం ఏ ఇంజన్‌కూ మేలు చేయదు. పైపు అవసరానికి మించి లావైతే గ్యాస్ వేగం తగ్గుతుంది, డబ్బా మారితే అల వెనక్కి తిరిగే చోటు మారుతుంది. కింది ఆర్‌పీఎంలో లాగుడు తగ్గేది వీటివల్ల. షార్ట్ బాటిల్, మెగాఫోన్, ఇందోరీ లాంటి సైలెన్సర్లు కొనేటప్పుడు శబ్దం వింటారు గానీ, లోపలి గొట్టం లావు, పొడవు ఎవరూ కొలవరు. ఈసారి టేపు తీసుకెళ్లి కొలవండి.

బీఎస్6 (పొగ ప్రమాణాల) బండ్లలో ఇంకో విషయం ఉంది. ఎగ్జాస్ట్‌లో ఉండే ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి, మామూలు వేగంలో ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) గాలి, పెట్రోల్ మిశ్రమాన్ని సరైన పాళ్ల దగ్గర (ఇథనాల్ కలపని పెట్రోల్‌కైతే బరువులో 14.7కి 1) సరిచేసుకుంటుంది. పూర్తిగా థ్రాటిల్ తిప్పినప్పుడు సెన్సర్‌ను పక్కనపెట్టి, ముందే రాసిపెట్టిన మ్యాప్‌ను, అంటే ఎప్పుడు ఎంత పెట్రోల్ ఇవ్వాలో చెప్పే పట్టికను, నమ్ముతుంది. ఆ మ్యాప్ కంపెనీ సైలెన్సర్ కోసం రాసింది. అందుకే మెల్లగా వెళ్తే బాగున్న బండి, గట్టిగా లాగినప్పుడు నీరసపడవచ్చు. బెండ్ పైపు గాస్కెట్ (అతుకు దగ్గర సందు మూసే రింగు) సరిగా కూర్చోకపోతే మరీ ఇబ్బంది. పీల్చే అల వచ్చినప్పుడల్లా ఆ సందులోంచి బయటి గాలి లోపలికి వస్తుంది, సెన్సర్ దాన్ని పెట్రోల్ తక్కువని చదువుతుంది, ఈసీయూ పెట్రోల్ పెంచుతుంది. మైలేజ్ పడిపోతుంది, థ్రాటిల్ వదిలితే టప్ టప్‌మని పేలుళ్లు వినిపిస్తాయి. కాబట్టి సైలెన్సర్ విప్పిన ప్రతిసారీ గాస్కెట్ కొత్తది వేయించండి.

మార్చాక బండి లాగుతోందో లేదో చెవితో తేల్చవద్దు. శబ్దం పెరిగితే వేగం పెరిగినట్టే అనిపిస్తుంది. రోల్ ఆన్ పరీక్ష చేయండి. వాహనాలు లేని, ఎత్తుపల్లాలు లేని రోడ్డు చూసుకోండి. ఫోన్‌ను స్పీడోమీటర్ కనిపించేలా బిగించి వీడియో పెట్టండి. నాలుగో గేర్‌లో 35 దగ్గర నిలకడగా వెళ్తూ థ్రాటిల్ పూర్తిగా తిప్పండి, గేర్ మార్చకుండా 70 దాకా రానివ్వండి. గాలి ప్రభావం పోవడానికి అదే రోడ్డు మీద ఎదురు దిశలో కూడా చేయండి. ఇంటికొచ్చాక వీడియో చూసి 40 నుంచి 55కి, 55 నుంచి 70కి ఎంతసేపు పట్టిందో విడివిడిగా రాసుకోండి. మొదటి అంకె పెరిగి రెండోది తగ్గితే, కింది టార్క్ పోయి పైది వచ్చిందని అర్థం. రెండుసార్లూ టైర్లలో గాలి, ట్యాంకులో పెట్రోల్, బండి మీది బరువు ఒకేలా ఉండాలి.

చట్టం సంగతి కూడా ముందే తెలుసుకోండి. 175 సీసీ దాటిన ద్విచక్ర వాహనాలకు తయారీ దశలో శబ్ద పరిమితి 80 డెసిబెల్స్. శబ్ద, పొగ ప్రమాణాలు మీరితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద జరిమానా 10,000 రూపాయల దాకా ఉండవచ్చు, లైసెన్స్ కూడా మూడు నెలలు పోవచ్చు. డీబీ కిల్లర్ (శబ్దం తగ్గించే లోపలి ముక్క) తీసేసి తిరగడం, క్యాట్‌కాన్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) కోసేయడం నేను నేర్పను. ఆసుపత్రి ముందు, పసిపిల్లలున్న వీధిలో ఆ శబ్దం వాళ్లకు హింస.

హోంవర్క్: ఏదీ మార్చకముందే, కంపెనీ సైలెన్సర్‌తోనే రోల్ ఆన్ పరీక్ష చేసి రెండు అంకెలూ రాసిపెట్టుకోండి. తర్వాతి పాఠంలో స్పార్క్ ప్లగ్ రంగు చూసి మిశ్రమం తెలుసుకోవడం చూద్దాం. కార్బురేటర్ ఉన్న పాత బుల్లెట్ వాళ్లు ప్లగ్ స్పానర్, మీ మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోల్ వెళ్లే చిన్న రంధ్రం) నంబర్ సిద్ధంగా ఉంచుకోండి.