షేర్లు ఇస్తామన్నారు, తీరా చూస్తే సున్నా: స్టార్టప్ ఆఫర్‌లో సమస్య - పరిష్కారం

భీమవరం, కాకినాడ, రాజమండ్రి చుట్టుపక్కల పిల్లలు చూడమని నాకు పంపే ఆఫర్ లెటర్లు దాదాపు ఒకేలా ఉంటాయి. పదిమంది ఉన్న కంపెనీ, ఫౌండర్ కాలేజీలో సీనియరో బావమరిది స్నేహితుడో. ఈసాప్ అంటే కంపెనీ షేర్లని ముందే అనుకున్న ధరకి కొనుక్కునే హక్కు ఉద్యోగికి ఇవ్వడం, ఆ హక్కునే ఆప్షన్ అంటారు. కొంతకాలం పనిచేశాక ఆ హక్కు మన సొంతమవడమే వెస్టింగ్.

సమస్య: ఏడాదికి 12 లక్షలన్నారు, బ్యాంకులో పడేది చూస్తే లెక్క కుదరడం లేదు.

కారణం: ఆ 12లో 3 లక్షలు షేర్ల విలువని కలిపేసి ఉంటారు. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ కూడా అందులోనే. నెలకి చేతికెంత అని ఒక్క ముక్క అడగండి, షేర్లు తీసేశాక మిగిలిన 9 లక్షల మీద బేరం మొదలుపెట్టండి. "పాలకొల్లులో ఇంట్లో కూర్చుని చేస్తావు, నీకు ఖర్చేముంది" అంటారు. ఎక్కడ కూర్చున్నా పని అంతే కదండీ అనేయండి, మొహమాటం వద్దు.

సమస్య: 10,000 ఆప్షన్లు ఇచ్చారు, ఎక్కువో తక్కువో తెలియదు.

రొయ్యల చెరువున్న ఇంట్లో పుట్టినవాళ్లు కూడా ఇక్కడ పప్పులో కాలేస్తారు. కౌంట్ అడక్కుండా రొయ్యకి రేటు ఒప్పుకుంటామా? కిలోకి 30 తూగితే ఒక ధర, 100 తూగితే ఇంకో ధర. ఇదీ అంతే, మొత్తం ఎన్ని షేర్లలో 10,000? పది లక్షల్లో అయితే 1 శాతం, కోటిలో అయితే 0.1 శాతం. ఇంకా పంచని ఆప్షన్లు, ముందు ముందు షేర్లుగా మారాల్సినవి కూడా కలిపిన మొత్తం చెప్పమనండి. చెప్పనంటే ఆ ఆప్షన్లకి సున్నా కట్టి, జీతం మీదే గట్టిగా నిలబడండి. ఇది చెప్పి చెప్పి నోరు పడిపోయింది, అయినా అడక్కుండానే సంతకం పెట్టి తర్వాత ఫోన్ చేస్తారు.

సమస్య: ఏడాది దాటాకే మానేశాను, ఒక్క షేరూ రాదంటున్నారు.

కారణం: ఆఫర్ లెటర్ వచ్చింది గానీ గ్రాంట్ లెటర్, అంటే ఇన్ని ఆప్షన్లు ఇచ్చామని కంపెనీ రాసిచ్చే కాగితం, ఆలస్యమైంది, లేదా అసలు రాలేదు. నాకు తగిలిన దెబ్బ ఇదే. ఆక్వా రైతులకి యాప్ చేసే ఒక కంపెనీలో 2021 జూన్‌లో చేరాను, లెటర్‌లో "పాలసీ ప్రకారం ఈసాప్‌లు ఇవ్వబడును" అని ఒక వాక్యం ఉంది, ఆ పాలసీ అప్పటికి పుట్టనే లేదని నాకేం తెలుసు! అడిగినప్పుడల్లా ఫౌండర్ "వచ్చే బోర్డు మీటింగ్‌లో అయిపోద్ది తమ్ముడూ" అనేవాడు. 2022 ఫిబ్రవరికి గ్రాంట్ లెటర్ చేతికొచ్చింది, ఆగస్టులో నేను మానేశాను. 14 నెలలు చేశాను, నాలుగేళ్ల వెస్టింగ్‌లో పావు వంతు నాదే అనుకున్నా. కంపెనీల చట్టం కింద 2014లో వచ్చిన షేర్ క్యాపిటల్ నియమాల్లో 12వది ఏమంటుందంటే, ఆప్షన్ గ్రాంట్ చేసిన రోజుకీ వెస్టయ్యే రోజుకీ మధ్య కనీసం ఏడాది ఉండాలి. నా ఏడాది 2023 ఫిబ్రవరికి గానీ నిండదు. మోసం చేశాడని తిట్టడానికి కూడా లేదు. నోటిమాట కౌలుకి సాగు చేసి, వరి మునిగాక పరిహారం కోసం కాగితం వెతుక్కునే వాళ్లని చూసి మా నాన్న జాలిపడేవాడు. బీటెక్ చదివి నేను చేసిందీ అదే.

పరిష్కారం: చేరకముందే అడగండి. స్కీముకి వాటాదారుల తీర్మానం అయిందా? నా గ్రాంట్ లెటర్ ఏ తేదీలోపు ఇస్తారు? వెస్టింగ్ లెక్క చేరిన తేదీ నుంచి అని రాస్తారా? ఈ చివరిదాన్ని వదలకండి. చట్టం అడిగే ఏడాది ఎలాగూ ఆగాలి, కానీ అది నిండిన రోజున, చేరినప్పటి నుంచి గడిచిన నెలలన్నీ కలిపి వెస్టయ్యేలా రాసుకోవచ్చు. అలా రాయించుకుని అక్కడే ఉండి ఉంటే నాకు ఆ ఫిబ్రవరిలో 20 నెలలవి ఒకేసారి వచ్చేవి. తేదీ చెప్పలేమంటే, గ్రాంట్ అయ్యేదాకా జీతం కొంత ఎక్కువ ఇమ్మనండి. ఫోన్లో ఎంత బాగా మాట్లాడుకున్నా ఆ రాత్రే మెయిల్ పెట్టి జవాబు తెప్పించుకోండి.

సమస్య: మానేశాక 90 రోజుల్లో డబ్బు కట్టి షేర్లు తీసుకోమంటున్నారు, పైగా ట్యాక్స్ అట.

చాలా స్కీములు అంతే. తీసుకున్న రోజు షేరు విలువకీ మీరు కట్టిన ధరకీ ఉన్న తేడాని జీతం కింద లెక్కేసి పన్ను వేస్తారు, మీరింకా రూపాయి కళ్లచూడకపోయినా. గడువు పెంచమని చేరేటప్పుడే అడగండి, ఒప్పుకునేవాళ్లు ఉన్నారు.

డైల్యూషన్ (కొత్త షేర్లు పుట్టి మన శాతం తగ్గడం), లిక్విడేషన్ ప్రిఫరెన్స్ (కంపెనీ అమ్మితే ముందు పెట్టుబడిదారులకి డబ్బు వెళ్లడం) అంటూ వీడియోలు చూసి ఇప్పుడే టెన్షన్ పడొద్దు. కంపెనీ అమ్ముడుపోయే దాకా వస్తే, తణుకులోనో కాకినాడలోనో మంచి సీఏకి ఫీజు కట్టి చూపించుకోండి.