ఢిల్లీ వేదిక మీద మన బుర్రకథ చెప్పాలంటే

గుంటూరులో కాలేజీ పిల్లలకు బుర్రకథ నేర్పుతుంటాను. ఉత్తరాది పోటీలకు వెళ్లేవాళ్లు ముందు అడిగేది ఒకటే: "మేడమ్, అంతా హిందీలోకి మార్చేద్దామా?" వద్దమ్మా. పాట తెలుగులోనే ఉండాలి. మన పొన్నెకల్లు నాజర్ గారికి 1986లో పద్మశ్రీ వచ్చింది తెలుగు బుర్రకథకే కదా!

మార్చాల్సింది వంతల మాటలు, అంటే కథకుడికి అటూ ఇటూ నిలబడి వంత పాడే ఇద్దరి మాటలు. కథకుడు ఒక చరణం పాడి ఆగగానే హాస్యం చెప్పే వంత హిందీలో ప్రశ్న వెయ్యాలి, రాజకీయం చెప్పే వంత హిందీలోనే జవాబు చెప్పాలి. అర్థం అక్కడే అందిపోతుంది. "తందాన తాన"కు అసలు అనువాదమే అక్కర్లేదు, రెండోసారికి హాలంతా కలిసి పాడుతుంది.

కథ మన పల్నాటిదే తీసుకోండి. అడవిలో పశువులు మేపినందుకు పుల్లరి కట్టమంటే ఎదురు తిరిగి, 1922లో తుపాకీ గుళ్లకు బలైన కన్నెగంటి హనుమంతు కథ. "పుల్లరి" దగ్గర మాత్రం తొందరపడొద్దు. మొదటిసారి మేం ఆ మాట గబగబా దాటేశాం, ఒక్కరూ ఉలకలేదు, పలకలేదు. తర్వాతిసారి హాస్యం చేసే అమ్మాయి గుప్పెడు పచ్చగడ్డి పైకెత్తి, "ఘాస్ పర్ భీ టాక్స్?" అంది. ఉప్పు మీద పన్ను సంగతి తెలిసినవాళ్లకు గడ్డి మీద పన్ను ఇట్టే తగిలింది. ముందు వరసలో ఒక పెద్దాయన లేచి నిలబడ్డారు.

వంతలు వాయించే గుమ్మెటలు మట్టివి. రైల్లో సీటు కింద పెట్టకండి, దుప్పటి చుట్టి ఒళ్లో పెట్టుకోండి.