యూదుల ఉదయ ప్రార్థన మధ్యలో ఎప్పుడు ఆగొచ్చు, ఎప్పుడు ఆగకూడదు?

ఇంట్లో పెద్దాయన సంధ్యావందనం చేస్తుండగా పొయ్యి మీద పాలు పొంగాయనుకోండి. నోరు విప్పరు. "ఊఁ ఊఁ" అంటూ వంటింటి వైపు చెయ్యి చూపిస్తారు. యూదుల ఉదయ ప్రార్థనలోనూ సరిగ్గా ఇదే ఇబ్బంది వస్తుంది. కాకపోతే వాళ్లు ఈ "ఊఁ" గురించి కూడా రెండు వేల ఏళ్లుగా వాదించుకుని చట్టం రాసిపెట్టుకున్నారు. ఏ చోట జవాబివ్వొచ్చో, ఏ చోట కన్నుగీటినా తప్పో అందులో ఉంటుంది.

ఈ ప్రార్థన పేరు షహరీత్. మామూలు రోజుల్లో అరగంట నుంచి ముప్పావు గంట పడుతుంది. మధ్యలో ఆపడాన్ని హీబ్రూలో హెఫ్సేక్ అంటారు. దీని నియమాలు మొదట యూదుల పాత ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నాలో, బెరాఖోత్ అనే భాగంలో కనిపిస్తాయి. తర్వాత మిష్నా మీద జరిగిన చర్చల గ్రంథం తల్మూద్ వాటిని విడమరిచింది. 1565లో వెనిస్‌లో అచ్చయిన యోసెఫ్ కారో గ్రంథం షుల్హాన్ అరూఖ్ వాటిని ఒక వరుసలో పెట్టింది. ఇప్పటికీ రబ్బీలు, అంటే యూదు మతగురువులు, తీసి చూసేది ఆ గ్రంథాన్నీ, దాని వ్యాఖ్యానాలనూ.

నియమాలన్నీ బట్టీ పట్టనక్కర్లేదు. గుడిలో ముఖమండపం, అంతరాలయం, గర్భాలయం అని లోపలికి వెళ్లేకొద్దీ గొంతు తగ్గించినట్టే, షహరీత్‌లో ముందుకు వెళ్లేకొద్దీ ఆగే వీలు తగ్గిపోతుంది. మీరు ఇప్పుడు ఎక్కడున్నారో తెలిస్తే సగం జవాబు దొరికినట్టే.

1. మొదలుపెట్టక ముందే పనులు చక్కబెట్టుకోండి

ఫోన్ ఆపేయండి. బాత్రూమ్‌కి వెళ్లి రండి. ఇది మర్యాద కోసం చెబుతున్న మాట కాదు, షుల్హాన్ అరూఖ్ దీనికి ఒక విభాగమే కేటాయించింది. శరీరం తొందరపెడుతుండగా ప్రార్థనకు నిలబడకూడదు.

పలకరింపుల సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. దేవుణ్ణి పలకరించక ముందు పనిగట్టుకుని ఎవరి గుమ్మంలోకో వెళ్లి "షాలోమ్" చెప్పకూడదు. ఆ మాట దేవుడి పేర్లలో ఒకటి కాబట్టి. "శుభోదయం" లాంటి మాట అయితే ఫర్వాలేదు.

తెఫిలీన్ కట్టుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త. యూదుల పవిత్ర గ్రంథం తోరాలోని వాక్యాలు రాసిన తోలు పత్రాలుండే నల్లటి చిన్న పెట్టెలివి. ఒకటి చేతికి, ఒకటి తలకు. చేతిది కట్టాక తలది పెట్టుకునేదాకా ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. చుట్టూ అందరూ కద్దిష్‌కి, అంటే దేవుడి నామాన్ని కొనియాడే ప్రార్థనకి, జవాబు చెబుతున్నా సరే, మీరు చేతులాపి వినాలంతే. పొరపాటున మాట్లాడితే తల తెఫిలీన్‌కి అదనంగా ఇంకో బెరాఖా చెప్పాల్సి వస్తుంది. బెరాఖా అంటే "నీవు స్తుతింపబడుదువు గాక" అని మొదలయ్యే స్తుతివాక్యం. ఈ మాట ఇక ముందు చాలాసార్లు వస్తుంది.

2. కీర్తనల భాగంలో: ఆమేన్ సరే, కబుర్లు వద్దు

ఉదయపు చిన్న చిన్న బెరాఖాలు అయ్యాక పెసుకే దెజిమ్రా మొదలవుతుంది. ఎక్కువగా కీర్తనల గ్రంథంలోని పాటలే. ముందు "బారూఖ్ షెఅమార్" అనే బెరాఖా, చివర "యిష్తబాఖ్" అనే బెరాఖా. ఈ రెండూ కలిసి మొత్తం భాగాన్ని ఒక మూటలా కట్టేస్తాయి. మధ్యలో లోకాభిరామాయణం మొదలుపెడితే ఆ కట్టు తెగుతుంది. మాట్లాడకూడదనడానికి కారణం ఇదే. రొట్టెకు బెరాఖా చెప్పి, తినకుండా వేరే విషయంలోకి దిగితే మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ఇదీ అలాంటిదే.

అయినా ఇది ఇంకా బయటి మండపమే కాబట్టి కొంత సడలింపు ఉంది. ఎవరి బెరాఖా వినబడినా ఆమేన్ అనొచ్చు. కద్దిష్‌కీ, దేవుణ్ణి పరిశుద్ధుడని అందరూ కలిసి పలికే కెదుషాకీ, ప్రార్థనకు పిలుపైన బారెఖూకీ సమాజంతో గొంతు కలపొచ్చు. అందరూ షెమా (దీని సంగతి నాలుగో భాగంలో) మొదటి వాక్యం చెబుతుంటే తోడుగా చెప్పొచ్చు. బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తే చేతులు కడుక్కుని తిరిగొచ్చి, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక చెప్పాల్సిన బెరాఖాను ఈ కీర్తనల మధ్యలోనే చెప్పేయొచ్చు.

ఆలస్యంగా వచ్చారా? కలిసి చదివేవాళ్లను అందుకోవడానికి ఇక్కడ కోత వేయొచ్చు. బాగా వెనకబడితే బారూఖ్ షెఅమార్, అష్రే అనే కీర్తన, యిష్తబాఖ్ చాలు. అందరితో కలిసి అమీదాకు, అంటే నిలబడి చదివే ప్రధాన ప్రార్థనకు, నిలబడటం ముఖ్యం.

3. యిష్తబాఖ్ తర్వాత చిన్న సందు ఉంది, కానీ కబుర్లకు కాదు

యిష్తబాఖ్ అయిపోయింది, తర్వాతి బెరాఖా ఇంకా మొదలవలేదు. పక్కవాడితో ఓ మాట వేసుకోవడానికి ఇదే అదను అనిపిస్తుంది. షుల్హాన్ అరూఖ్ ఇక్కడే గట్టిగా హెచ్చరిస్తుంది. ఈ సందులో మాట్లాడినవాడు పాపం చేసినట్టే, దాని వల్ల యుద్ధ వరుసల్లోంచి ఇంటికి తిరిగి వెళ్లిపోవాలి అంటుంది. ద్వితీయోపదేశకాండంలో యుద్ధానికి ముందు భయపడేవాళ్లను ఇంటికి పంపే నియమం ఉంది కదా, ఆ భయం తన పాపం తలుచుకుని పుట్టిన భయమని రబ్బీల వివరణ.

అంత గట్టిగా చెప్పిన చోటే పోలండ్‌లోని క్రాకోకి చెందిన రబ్బీ మోషే ఇస్సెర్లెస్ ఒక తలుపు తెరిచి ఉంచారు. ఊరి అవసరానికి, దానం కోరి వచ్చినవాడి కోసం ఇక్కడ ఆగొచ్చన్నారు. చాలా చోట్ల రోగుల కోసం దీవెన చెప్పడం, అన్యాయం జరిగినవాడు సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనాలయంలో, లేచి నాకు న్యాయం చేయండని మొరపెట్టుకోవడం ఈ సందులోనే ఆచారమైందని రాశారు. ఈ నియమాలన్నిటిలో నాకు బాగా నచ్చినది ఇదే. వాతావరణం గురించి మాట్లాడటానికి వీల్లేని క్షణంలో కూడా ఫిర్యాదు చేసే హక్కు ఉంది.

4. షెమా, దాని బెరాఖాలు: ఎక్కడున్నారో వేలు పెట్టి చూసుకోండి

అసలు చిక్కు ఇక్కడే. "ఇశ్రాయేలూ, వినుము" అని మొదలయ్యే షెమా మూడు పేరాలు. రెండు ద్వితీయోపదేశకాండం లోనివి, మూడోది సంఖ్యాకాండం లోనిది. ఉదయం దీనికి ముందు రెండు బెరాఖాలు, తర్వాత ఒకటి. మిష్నా ఈ భాగాన్ని రెండుగా చూస్తుంది: ఒక ఖండం ముగిసి ఇంకోటి మొదలయ్యే విరామాలు, ఖండం మధ్యభాగం.

విరామాలు ఇవి: మొదటి బెరాఖా తర్వాత, రెండో బెరాఖా తర్వాత, షెమా మొదటి పేరా తర్వాత, రెండో పేరా తర్వాత. మూడో పేరాకీ తర్వాత వచ్చే "ఎమెత్" అనే మాటకీ మధ్య విరామం ఉందా అని మిష్నాలోనే వాదన. లేదన్న రబ్బీ యెహూదా మాటే నిలిచింది. అందుకే ఆ రెంటినీ ఊపిరి తీయకుండా కలిపి చదువుతారు.

ఎవరికి జవాబివ్వాలి? రబ్బీ యెహూదా లెక్క ప్రకారం, మధ్యభాగంలో ఉంటే తండ్రి, గురువు, రాజు లాంటి, మీరు భయభక్తులతో చూడాల్సినవారిని మీరే పలకరించొచ్చు, గౌరవనీయులు పలకరిస్తే జవాబివ్వొచ్చు. విరామంలో ఉంటే గౌరవనీయుల్ని మీరే పలకరించొచ్చు, ఎవరు పలకరించినా జవాబివ్వొచ్చు. ఇది చదివి ఉత్సాహపడకండి. ప్రార్థనలో ఉన్నవాడు పలకరించలేదని ఇప్పుడు ఎవరూ నొచ్చుకోరు కాబట్టి ఈ వెసులుబాటును వాడొద్దని తర్వాతి వ్యాఖ్యాతలు చెప్పారు. అంటే నియమం అసలు ఉద్దేశం పలకరింపు కాదు, ఎదుటివాడి మనసు నొప్పించకపోవడం.

ఇప్పుడు ఎక్కువగా ఎదురయ్యేది పక్కవాళ్ల ప్రార్థనకు జవాబివ్వాలా అన్న ప్రశ్న. విరామంలో ఉంటే ఏ బెరాఖాకైనా ఆమేన్ అనండి. మధ్యభాగంలో ఉంటే ముఖ్యమైనవాటికే: కద్దిష్‌లో "ఆమేన్, యెహే షెమే రబ్బా" వాక్యం, బారెఖూ, కెదుషాలో "కాదోష్", "బారూఖ్ కెవోద్" వాక్యాలు రెండే. అమీదాలో కృతజ్ఞత చెప్పే బెరాఖా మోదిమ్‌కి అందరూ వంగితే మీరూ వంగి "మోదిమ్ అనఖ్ను లాఖ్" అనే మూడు మాటలతో ఆపేయండి. యూరప్ సంప్రదాయం పాటించే అష్కెనాజీల్లో అయితే అమీదా మూడో బెరాఖాకీ, "షోమేయా తెఫిల్లా" బెరాఖాకీ కూడా ఆమేన్ అంటారు. స్పెయిన్ వైపు సంప్రదాయం పాటించే సెఫర్దీల పద్ధతి కొన్నిచోట్ల వేరుగా ఉంటుంది, మీ రబ్బీని అడగండి. ఆగేటప్పుడు అర్థం తెగని చోట ఆగి, జవాబిచ్చి, మళ్లీ అందుకోండి.

షెమా మొదటి వాక్యం, దాని వెంటే గుసగుసగా చెప్పే వాక్యం, ఈ రెంటి దగ్గర ఏ సడలింపూ లేదు. చంపేస్తాడేమో అన్న భయం ఉంటే తప్ప ఆగకూడదు. మొదటి పేరా అయ్యేదాకా కళ్లతో సైగ చేయడం, పెదవులతో చెప్పడం, వేలితో చూపడం కూడా కుదరదు. మన పెద్దాయన "ఊఁ ఊఁ" ఇక్కడ చెల్లదన్నమాట. పాలు పొంగనివ్వాల్సిందే.

5. విమోచన బెరాఖా నుంచి అమీదాకు: మధ్యలో గాలి కూడా దూరకూడదు

షెమా తర్వాతి బెరాఖా "గాఅల్ యిస్రాయేల్" అని ఐగుప్తు విడుదల స్మరణతో ముగుస్తుంది. వెంటనే అమీదాలోకి వెళ్లిపోవాలి. కద్దిష్ వినబడినా సరే. ఈ బెరాఖాకి ఆమేన్ అనాలా వద్దా అన్న తగాదా రాకుండా కొన్ని సినగాగ్‌లలో ప్రార్థన నడిపించే హజ్జాన్ చివరి మాటల్ని మెల్లగా చెప్పేస్తారు.

6. అమీదా: గర్భాలయం

పాదాలు జోడించి నిలబడి మెల్లగా చదివే ప్రార్థన ఇది. పేరుకు పద్దెనిమిది అంటారు గానీ మామూలు రోజుల్లో ఉన్నవి 19 బెరాఖాలు. ఇక్కడ ఆమేన్ లేదు, కద్దిష్ లేదు. చుట్టూ కెదుషా మొదలైతే మౌనంగా నిలబడి వినండి. విన్నవాడు పలికినవాడితో సమానం అని లెక్క.

మిష్నా మాట ప్రకారం రాజు పలకరించినా జవాబివ్వకూడదు, మడమకు పాము చుట్టుకున్నా ఆపకూడదు. ఇది విని మన ఊళ్లవాళ్లు ఉలిక్కిపడతారు. తల్మూద్ రబ్బీలూ ఊరుకోలేదు. రాజంటే యూదు రాజు, పరాయి రాజైతే ప్రాణభయం ఉంటుంది కాబట్టి ఆగాలి అన్నారు. పాము సాధారణంగా కరవదు, తేలైతే ఆగాల్సిందే అన్నారు. పాము కోపంగా ఉన్నట్టు కనిపిస్తే దానికీ ఆగాలి. కోపం లేకపోయినా నోరు విప్పకుండా పక్కకు జరిగి విదిలించుకోవచ్చు. నడవడం వేరు, మాట్లాడటం వేరు. దారిలో నిలబడి ప్రార్థిస్తుంటే బండి వచ్చిందా, మాట్లాడకుండా పక్కకు తప్పుకోండి. ఎద్దు వస్తుంటే 50 మూరల దూరం ఉండగానే తప్పుకోవాలి. పొడిచే ఎద్దని పేరుంటే కనుచూపు మేరలో కనిపించగానే.

నేటి సమస్యలకు ఇదే కొలబద్ద. పక్కవాడికి గుండెనొప్పి వస్తే మాట్లాడండి, పరిగెత్తండి, ఫోన్ చేయండి. ప్రాణం కాపాడటం ముందు, మిగతాదంతా తర్వాత. పిల్లాడు ఏడుస్తుంటే సైగతో ఊరుకోబెట్టండి. వినకపోతే మాట్లాడకుండా కాస్త దూరం జరిగి నిలబడండి.

తిరిగి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? మొత్తం అమీదా చదివేంత సేపు పోయి ఉంటే మొదటికి రండి. అంత సేపు కాకపోతే ఆగిన బెరాఖా మొదటి నుంచి. మొదటి మూడింట్లో ఆగితే అమీదా మొదటికే, చివరి మూడింట్లో ఆగితే వాటిలో మొదటిదైన "రెత్సే" దగ్గరికి.

19 బెరాఖాలూ అయ్యి, "యిహ్యూ లెరాత్సోన్" అనే ముగింపు వాక్యం చెప్పేసి, అమీదా చివర వేసే మూడడుగులు ఇంకా వెనక్కి వేయకపోతే మీరు సగం బయటికి వచ్చినట్టే. షెమా మధ్యభాగంలో దేనికి జవాబివ్వొచ్చో ఇక్కడా దానికి ఇవ్వొచ్చు.

7. హజ్జాన్ అమీదాను పైకి మళ్లీ చదివేటప్పుడు

మీది అయిపోయింది కదా అని తీరిగ్గా కూర్చునేది ఈ పునశ్చరణలోనే. కబుర్లు ఎక్కువ వినిపించేదీ ఇక్కడే. ఇక్కడ మాట్లాడేవాడి పాపం మోయలేనంత పెద్దదని, వాణ్ణి మందలించాలని షుల్హాన్ అరూఖ్ రాసింది. కనీసం తొమ్మిదిమంది శ్రద్ధగా విని ఆమేన్ అనకపోతే హజ్జాన్ చెప్పే బెరాఖాలు వ్యర్థమయ్యే ప్రమాదం ఉంది మరి. సోమ, గురువారాల్లో తోరా చుట్ట తెరిచి చదివేటప్పుడూ ఇదే మౌనం.

మీరు ప్రార్థించేవారు కాకపోతే

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న తెలుగు యూదు సమాజం ఉంది. అక్కడికి గానీ, కొచ్చి, ముంబై సినగాగ్‌లకు గానీ, అమెరికాలో సహోద్యోగి వెంట గానీ వెళ్లినప్పుడు మీరు పలకరిస్తే జవాబు రాకపోవచ్చు. తల్మూద్‌లో ఒక అధికారికి ఇలాగే జరిగింది. దారిలో ప్రార్థిస్తున్న ఒక భక్తుడు తన పలకరింపుకు బదులివ్వలేదని, ముగిసేదాకా ఆగి, నీ తల నరికితే అడిగేదెవరు అన్నాడు. నువ్వు రాజు ముందు నిలబడి ఉండగా స్నేహితుడు పలకరిస్తే బదులిస్తావా అని భక్తుడు అడిగాడు. ఇస్తే నా తలే పోతుంది అన్నాడు అధికారి. మామూలు రాజు ముందే అలా ఉంటే ఇక నా సంగతి చెప్పాలా అన్నాడు భక్తుడు. అధికారి చల్లబడ్డాడు.

మీ సందేహాలు దాచుకుని వెనక వరసలో కూర్చోండి. పాదాలు జోడించి నిలబడినవాళ్ల ముందు నుంచి నడవకండి. అందరూ తెఫిలీన్ విప్పి పట్టీలు చుట్టుకుంటూ సంచుల్లో పెట్టుకోవడం మొదలుపెట్టాక అడగండి, అప్పుడు తీరిగ్గా చెబుతారు.