కంప్యూటర్ కేంద్రం సిబ్బందికి శిక్షణ ఎలా ఇవ్వాలి? ముందు స్టూలు ఎడమ పక్కన వేయండి

జనానికి కంప్యూటర్, ఫోను నేర్పే కేంద్రాల సిబ్బందికి శిక్షణ ఇవ్వడం నాకు ఏళ్లుగా అలవాటైన పని. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల వేరేవాళ్లు పెట్టిన శిక్షణలకూ వెళ్లాను. పొద్దున ప్రొజెక్టర్ వెలిగిస్తారు, సాయంత్రం ఆర్పుతారు. మధ్యలో భోజనం, చివర్లో సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో. అలాంటి శిక్షణ ఒకటి ముగిసిన మర్నాడే నేను ఒక కేంద్రానికి వెళ్లాను. బ్యాంకు ఖాతాలో డబ్బు పడిందో లేదో ఫోన్లో చూసుకోవడం నేర్చుకుందామని ఓ పెద్దాయన వచ్చారు. అక్కడి అబ్బాయి ఆయన ఫోను తీసుకుని, అర నిమిషంలో చూసేసి, "పడ్డాయి తాతగారూ" అని తిరిగి ఇచ్చేశాడు. ఆయన దండం పెట్టి వెళ్లిపోయారు. వచ్చే నెల మళ్లీ రావాల్సిందే.

ఆ అబ్బాయికి కంప్యూటర్ బాగా వచ్చు. నేర్పడం రాదు. ఆ ముందు రోజంతా అతనికి చెప్పింది మాత్రం కంప్యూటర్ గురించే.

తేదీ, సామాన్లు

రెండు రోజులు పెట్టండి. 12 మందిని మించి పిలవకండి. దసరా నవరాత్రుల్లో విజయవాడలో వద్దు, ఇంద్రకీలాద్రి రద్దీకి సగం మంది దారిలోనే ఉండిపోతారు. మే నెల ఎండల్లో ఎక్కడా వద్దు. పదింటికి మొదలుపెట్టి నాలుగున్నరకు వదిలేస్తే తెనాలి, నూజివీడు వైపు వాళ్లు టెన్షన్ లేకుండా బస్సు అందుకుంటారు. ఆరు సిస్టమ్‌లు, కరెంటు పోతే ఆదుకునే యూపీఎస్, ఎక్స్‌టెన్షన్ బాక్సులు, నెట్ కోసం ఇద్దరి ఫోన్లలో డేటా, ఆరు స్టూళ్లు, తెల్ల కాగితాలు చాలు. ప్రొజెక్టర్ తేవద్దు. అది ఉంటే అందరూ గోడవైపే చూస్తూ కూర్చుంటారు.

మొదటి రోజు

ఇది తేలిక. పొద్దున కేంద్రం నడిపే పనులు చూడండి: రిజిస్టరు, ఎవరికి ఏ టైము, పాడైన సిస్టమ్ గురించి ఎవరికి చెప్పాలి. గంటన్నరలో అయిపోతుంది.

మధ్యాహ్నం తెలుగు టైపింగ్. ఇన్‌స్క్రిప్ట్ ఒక్కటే నేర్పాలి, అంటే ఒక్కో కీకి నేరుగా తెలుగు అక్షరమే ఉండే కీబోర్డు పద్ధతి. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే పద్ధతి సులువని చాలామంది అంటారు. ఇంగ్లీషు వచ్చినవాళ్లకు అది సులువే. అమ్మ అని రాయాలంటే ముందు ఇంగ్లీషు స్పెల్లింగ్ ఆలోచించాల్సి వస్తే, తెలుగు బడిలో ఐదో తరగతితో ఆపేసిన మనిషి అక్కడే ఆగిపోతుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వస్తాయి. కీబోర్డు మీద తెలుగు స్టిక్కర్లు అంటిస్తే 'క' ఉన్నచోట నొక్కితే 'క' పడుతుంది. దీని మీద నాతో వాదించినవాళ్లు చాలామంది ఉన్నారు, నేను మాత్రం మార్చలేదు.

రెండో రోజు: అసలు పని

ఇక్కడ తొందరపడకండి. శిక్షణలన్నీ దెబ్బతినేది ఈ రోజు లేకపోవడం వల్లే.

ఎప్పుడూ మౌస్ పట్టుకోని మనుషుల్ని ఆరుగురిని పిలవాలి. సిబ్బంది ఒకరికొకరు "నువ్వు రానట్టు నటించు, నేను నేర్పుతా" అనుకుంటే పనికిరాదు. వచ్చినవాడు రానట్టు నటించలేడు, చెయ్యి దానంతటదే సరైన చోటికి పోతుంది. గుంటూరులో అయితే మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లను ఆదివారం పూట పిలుస్తాను. కూలి మానుకుని వచ్చేవాళ్లకు ఆ రోజు కూలి ఇచ్చి తీరాలి. అది ఖర్చు కింద రాయకుండా శిక్షణ పెట్టకండి.

ఒక్కో సిస్టమ్ దగ్గర ముగ్గురు: నేర్చుకునే మనిషి, నేర్పే మనిషి, వెనక నిలబడి కాగితం మీద గీతలు పెట్టే మనిషి. నేర్పే మనిషి చెయ్యి మౌస్‌కో కీబోర్డుకో తగిలిన ప్రతిసారీ ఒక గీత. పని ఒకటే ఇవ్వండి: డెస్క్‌టాప్ మీద ఉన్న ఫైలు తెరవడం, పేరు టైపు చేయడం, సేవ్ చేయడం. 40 నిమిషాలు.

నేర్పేవాళ్లు ఎడమ పక్కన స్టూలు వేసుకుని కూర్చోవాలి. మౌస్ కుడివైపు ఉంటుంది కాబట్టి అందదు. అందాలంటే ఆ మనిషి మీదుగా వంగాలి, వంగేలోపు తప్పు చేస్తున్నామని గుర్తొస్తుంది. నిలబడి నేర్పడం అసలు వద్దు, నెత్తిమీద ఇన్‌స్పెక్టర్ నిలబడ్డట్టు ఉంటుంది.

ఒక మాట చెప్పాక మనసులో పదిహేను లెక్కపెట్టాలి. ఆ తర్వాతే రెండో మాట. ఐదు దాటి ఆగలేకపోతారు, చూస్తూ ఉండండి. "ఇక్కడ నొక్కండి" అనకూడదు, "కింద ఎడమ మూలన" అనాలి. "చాలా ఈజీ అండీ" అన్న మాట నా తరగతిలో నిషేధం. ఈజీ అన్నది కూడా నాకు రాలేదంటే ఇక నాకేం వస్తుందని ఎదుటి మనిషి అనుకుంటుంది.

చెయ్యి ఎక్కువగా జారేది డబుల్ క్లిక్ దగ్గర. కొత్తవాళ్లకు రెండు నొక్కుళ్ల మధ్య మౌస్ కదిలిపోతుంది. ఫైలు తెరుచుకోదు, పక్కకు జరుగుతుంది. నాలుగోసారి కూడా అలాగే అయితే నేర్పేవాళ్లు ఉండబట్టలేక మౌస్ లాక్కుంటారు. ఆ అవసరం లేదు. ఒక్కసారి నొక్కి ఎంటర్ కొట్టమనండి, తెరుచుకుంటుంది. డబుల్ క్లిక్ వారం తర్వాత నేర్పినా నష్టం లేదు.

ఒక ఆదివారం ఒక పిన్నిగారు మౌస్‌ను జరుపుకుంటూ జరుపుకుంటూ బల్ల అంచుదాకా తెచ్చేశారు. బాణం గుర్తు ఇంకా తెర మధ్యలోనే ఉంది. మోచెయ్యి గాల్లోకి వచ్చింది, ఆమె అలాగే బిగుసుకుని కూర్చున్నారు. నేర్పే అమ్మాయి చెయ్యి సగం దూరం వెళ్లి వెనక్కి వచ్చింది. పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతోంది. తర్వాత, "పిన్నిగారూ, మౌస్‌ని ఒకసారి పైకెత్తి బల్ల మధ్యలో పెట్టండి" అంది. ఆమె ఎత్తారు. బాణం కదల్లేదు. పెట్టి జరిపారు, కదిలింది. మళ్లీ ఎత్తారు, మళ్లీ పెట్టారు, ఎవరూ చెప్పకుండానే మూడోసారి కూడా చేశారు. మౌస్‌ను ఎత్తవచ్చని మనం ఎవరికీ చెప్పం, మనకు ఎప్పుడో తెలిసిపోయింది కాబట్టి.

ఫోన్ల దగ్గర ఇంకో చిక్కు. తొడిమలు తీసీ తీసీ వేళ్లు ఎండిపోయినవాళ్లకు టచ్ సరిగ్గా అందదు. అందలేదని గట్టిగా నొక్కి పట్టుకుంటారు, అప్పుడు వేరే మెనూ ఏదో తెరుచుకుంటుంది, కంగారుపడతారు. ముందే సబ్బుతో చేతులు కడుక్కుని, కాస్త తడి ఉండగానే తుడుచుకోమనండి. గోటితో కాకుండా వేలి మెత్తటి భాగంతో తాకమనండి.

ఓటీపీ, పిన్ వచ్చే చోట రూలు ఇంకా గట్టిది. "నువ్వే చూసి కొట్టు బాబూ" అని ఫోను చేతికిచ్చేస్తారు. తీసుకోకూడదు, తల పక్కకు తిప్పుకోవాలి. ఈ రోజు మన అబ్బాయికి నమ్మి ఇచ్చిన మనిషి రేపు ఫోన్లో అడిగిన దొంగకూ చెబుతుంది. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, పంపడానికే కావాలి. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఈ రెండూ నేర్చుకునేవాళ్లే పైకి చెప్పేదాకా వదలకండి.

మొదటి విడత అయ్యాక ముందు ఆ ఆరుగురినీ అడగండి, ఎక్కడ భయం వేసిందని. సిబ్బంది మధ్యలో సర్దిచెప్పకూడదు, వినాలి. గీతల కాగితం ఎవరిది వాళ్లకే ఇవ్వండి, పదిమందిలో చదవకండి. మధ్యాహ్నం విడతలో, పొద్దున నేర్పినవాళ్లు గీతలు పెట్టాలి, గీతలు పెట్టినవాళ్లు నేర్పాలి.

ఇంత పట్టుదల ఎందుకని అడుగుతారు. 2017లో వచ్చి 2024లో ముగిసిన కేంద్ర పథకం ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్‌లో కోర్సు మొత్తం 20 గంటలు. అందులో సగంసేపు మౌస్ సిబ్బంది చేతిలో ఉంటే నేర్చుకునే మనిషికి దక్కేది పదే. 1935లో పెదవడ్లపూడి దగ్గర కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపి, పుస్తకాన్ని ఊళ్లవాళ్ల చేతికి చేర్చిన గుంటూరు జిల్లా ఇది. మన కేంద్రాల్లో కంప్యూటర్ బల్ల మీదే ఉండి కూడా చేతికి అందడం లేదంటే నాకు బాధగా ఉంటుంది.

సర్టిఫికెట్

ఆ రోజు ఇవ్వకండి. మూడు వారాల తర్వాత, చెప్పకుండా కేంద్రానికి వెళ్లి ఓ మూల కూర్చోండి. నేను ముందు స్టూలు ఎటుపక్కన ఉందో చూస్తాను. ఎడమ పక్కన ఉంటే సంచీలోంచి సర్టిఫికెట్ తీస్తాను.