కిటికీలకు యూపీవీసీయా, ఫైబర్‌గ్లాసా? బెజవాడ ఎండకు తగిన ఎంపిక

విజయవాడలో ఇల్లు కట్టుకునేవారిలో చాలామంది టేకు, అల్యూమినియం ధరలు కనుక్కుని, చివరికి యూపీవీసీ (గట్టి పీవీసీ ప్లాస్టిక్) కిటికీల దగ్గర ఆగుతున్నారు. అమెరికా, కెనడాల్లో వినైల్ కిటికీలంటే ఇవే. అక్కడ వీటికి పోటీగా ఉన్న ఫైబర్‌గ్లాస్ చట్రాలు ఖరీదైనవి, మన దగ్గర అంత తేలికగా దొరకవు. అందువల్ల ఇంటి మొత్తానికి ఒకే పదార్థం అనుకోకుండా, ఏ కిటికీకి ఏది అవసరమో విడివిడిగా తేల్చుకోవడం మంచిది.

ముందుగా ప్రతి కిటికీ వెడల్పు, అది చూసే దిక్కు, పైన సన్‌షేడ్ ఉందో లేదో కాగితం మీద రాసుకోండి. ఈ రెండు పదార్థాల మధ్య అసలైన తేడా వేడికి వ్యాకోచించడంలో ఉంది. రెండు మీటర్ల యూపీవీసీ చట్రం 30 డిగ్రీల తేడాకు సుమారు 4 మిల్లీమీటర్లు పెరిగితే, అంతే పొడవున్న ఫైబర్‌గ్లాస్ చట్రం దాదాపు అర మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది. గాజు పోగులను రెసిన్‌లో (గట్టిపడే జిగురులో) తడిపి, వేడి అచ్చు గుండా లాగి దీన్ని తయారుచేస్తారు కనుక, దీని వ్యాకోచం లోపల బిగించిన అద్దం వ్యాకోచానికి దగ్గరగా ఉండి, అంచుల సీలు మీద ఒత్తిడి తక్కువగా పడుతుంది. రోహిణి కార్తెలో పడమటి ఎండ నేరుగా తగిలే ముదురు రంగు చట్రం గాలి కన్నా చాలా ఎక్కువగా వేడెక్కుతుంది. యూపీవీసీ 75–80 డిగ్రీల ప్రాంతంలో మెత్తబడటం మొదలవుతుంది. అందుకే ఈ ఊళ్లో యూపీవీసీ వేయించేవారు తెలుపు రంగునే ఎంచుకోవాలని గట్టిగా చెబుతాను.

గది చల్లదనం విషయంలో మాత్రం రెండింటికీ పెద్ద తేడా లేదు. అల్యూమినియంతో పోలిస్తే రెండూ వేడిని చాలా తక్కువగా లోపలికి పంపుతాయి. ఎండ వేడిలో ఎక్కువ భాగం అద్దం గుండానే వస్తుంది కాబట్టి, చేతిలో కొంత డబ్బు మిగిలితే ముందు సన్‌షేడ్‌కూ, మంచి అద్దానికీ పెట్టండి.

యూపీవీసీ కొనేటప్పుడు దుకాణంలో కోసిన ముక్కను చేతిలోకి తీసుకుని చూడండి. బయటి గోడ మందం కనీసం 2.5 మిల్లీమీటర్లు ఉండాలి, లోపల జింకు పూత ఉన్న ఉక్కు గొట్టం ఉండాలి, మూలలు పగుళ్లు లేకుండా అతికి ఉండాలి, కింది పట్టీలో నీరు బయటికి పోయే రంధ్రాలు ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్లలో రోజుల తరబడి నీరు నిలిచింది. అలాంటి నీటిలో చెక్క ఉబ్బుతుంది. ఈ రెండు పదార్థాలూ నీటిని పీల్చి ఉబ్బవు, చెద పట్టవు. కానీ యూపీవీసీ లోపలి ఉక్కుకు పూత సరిగా లేకపోతే తుప్పు పడుతుంది.

ఫైబర్‌గ్లాస్‌లో చూడవలసింది పై పూత. అది అరిగిపోతే ఎండకు రెసిన్ దెబ్బతిని, పోగులు పైకి తేలతాయి. అయితే మళ్లీ రంగు వేసుకోవచ్చు. దీని మూలలు కరిగించి అతికేవి కావు, స్క్రూలతోనూ సీలెంట్‌తోనూ బిగించేవి, కనుక ఆ పని నాణ్యతను దగ్గరగా చూడాలి. బాత్రూమ్ తలుపులుగా అమ్మే ఎఫ్ఆర్‌పీ (గాజు పోగులు కలిపిన ప్లాస్టిక్) సరుకు తయారీ వేరు. దాని ధరను బట్టి కిటికీ ధర అంచనా వేయకండి.

ఏది కొన్నా, గోడకూ చట్రానికీ మధ్య చుట్టూ కనీసం 5 మిల్లీమీటర్ల సందు వదిలి, ఫోమ్, సిలికాన్‌లతో నింపమని ముందే చెప్పండి. సందును సిమెంటుతో బిగించేస్తే, వేసవిలో పెరిగే యూపీవీసీ చట్రానికి చోటు లేక వంగి, రెక్కలు పట్టేస్తాయి. మేస్త్రీ అలవాటుగా చేసే పని ఇదే కాబట్టి దగ్గరుండి చూసుకోవాలి.

నాలుగైదు అడుగుల పడకగది కిటికీలకు ఉక్కు ఉన్న తెల్ల యూపీవీసీ సరిపోతుంది, అదనపు ఖర్చు అనవసరం. హాల్లో పడమటి వైపు వెడల్పాటి కిటికీ పెట్టి, అది ముదురు రంగులోనే కావాలనుకుంటే ఫైబర్‌గ్లాస్‌కు పెట్టే డబ్బు వృథా కాదు. అది దొరకకపోతే ఆ కిటికీని మధ్యలో నిలువు పట్టీతో రెండుగా విడగొట్టి, తెల్ల యూపీవీసీలోనే చేయించండి. ప్రొఫైల్ (చట్రం పట్టీ) గోడ మందం, ఉక్కు మందం, అద్దం రకం, దోమల మెష్, బిగింపు కూలీ అన్నీ కొటేషన్‌లో విడివిడిగా రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.